నీళ్ళు పోయకూడని చెట్లు

పక్కింటి వదిన పంపిన ఇడ్లీ పిండిలో కిరసనాయిలు వాసన వస్తోందని మొహం మీదే చెప్పేసరికి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నలభై నిమిషాలు మానేసింది. ఆ తర్వాత గోడ మీంచి తల పెట్టి, "ఏటి వదినా, నిజంగానే వస్తందా?" అని అడిగింది. గిన్నె మూత తీసి ఆవిడ ముక్కు కింద పెట్టాను. "నాకూ వారం బట్టి వస్తంది. నా ముక్కే పాడైపోయిందనుకున్నాను గానీ నూతి మీద అనుమానం రాలేదు," అంది. తన నుయ్యి అంటే ఆవిడకి అంత గురి.

మేమిద్దరం బంధువులం కాము. ఆవిడది బొబ్బిలి వైపు, మాది అనకాపల్లి దగ్గర. మా ఆయన భిలాయి ఉక్కు ప్లాంటు పంపుహౌసులో, వదిన వాళ్ళాయన ప్లాంటు లోపల తిరిగే రైలింజను మీద పనిచేసేవారు. ఆయన్ని నేను అన్నయ్యగారు అంటాను. క్వార్టర్లలో ఇరవై రెండేళ్ళు గోడకి గోడ. రిటైరయ్యాక ఊరి చివర రుఆబాంధా పేట దాటాక ఐదిళ్ళ చిన్న లైనులో పక్కపక్కన జాగాలు తీసుకున్నప్పుడు మేం ఆడవాళ్ళం పెట్టిన షరతు ఒక్కటే, మధ్య గోడ భుజాల ఎత్తు దాటకూడదని. మేస్త్రీ దొంగల భయం చెప్పాడు. దొంగలొస్తే ఇద్దరం కలిసి తిడతాంలే, కట్టు అన్నాను.

నేనూ ప్లాంటులోనే చేశాను. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ముప్పై ఏళ్ళు. సీసా మూత తీస్తే చాలు, అది ఏ కాలవ నీరో చెప్పేస్తానని నా జూనియర్లు అనేవారు. సగం పొగడ్త, సగం నా నోటికి భయపడి అన్న మాట. అయినా ఆ నూతిలో ఏముందో చెప్పడానికి నా అనుభవం అక్కర్లేదు. చేద పైకి లాగితే నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలుతోంది. వదిన జాగాలో ఆ నుయ్యి మేం రాకముందు నుంచీ ఉంది. ఆ నుయ్యి చూసే పట్టుబట్టి ఆ జాగా కొనిపించింది.

ఆ తెట్టు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు. మా ఐదిళ్ళ పెరటి గుమ్మాలు తెరుచుకునేది ఒక ముక్కోణపు ఖాళీ జాగాలోకి. అక్కడ ఒకప్పుడు పాత నూనె డ్రమ్ములు కడిగే షెడ్డు ఉండేదట. ఏళ్ళ తరబడి కడిగిన మురికంతా ఒక గోతిలోకి వంపారు. షెడ్డు మూసేసి వాళ్ళు ఎటో పోయారు. మేం అర్జీలు పెట్టగా పెట్టగా పైనున్న నల్లమట్టిని లారీల్లో ఎత్తించుకుపోయారు. మరి భూమిలోకి దిగి నీళ్ళలో కలిసిపోయిన నూనెని ఎవరు ఎత్తుతారు? దానికి సమాధానం ఏ ఆఫీసులోనూ దొరకలేదు.

మొదట తల్లడిల్లినవి అన్నయ్యగారి మోకాళ్ళు. రోజూ టాంకరు దగ్గర నిలబడి క్యాన్లు మోసుకొచ్చి, ఒక రోజు కాఫీ తాగుతూ చెప్పేశారు. "దుర్గ్‌లో మా తమ్ముడి ఫ్లాటు ఖాళీగా ఉందమ్మా. కుళాయి నీళ్ళు వస్తాయి, లిఫ్టు ఉంది. ఈ నీళ్ళతో మా వల్ల కాదు, వెళ్ళిపోదామనుకుంటున్నాం."

వదిన నా వైపు చూడలేదు. చీర కొంగు చివర మడతలు పెడుతూ కూర్చుంది. దుర్గ్ ఏమీ దేశాంతరం కాదు, పక్క ఊరే. సుపేలా వెళ్ళి ఆటో ఎక్కితే కాసేపట్లో దిగుతాం. కానీ ఆటో ఎక్కి వెళ్ళి ఎవరైనా కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతారా? పొద్దున్నే ఆవిడ గొంతు వినకపోతే నాకు తెల్లారినట్టుండదు. ఆ మాట అప్పుడు పైకి అనలేదు. "మూడు వానాకాలాలు ఇవ్వండి అన్నయ్యగారూ, నీళ్ళు బాగుచేసి చూపిస్తాను," అని మాత్రం అన్నాను. ఎలా బాగుచేస్తానో ఆ క్షణానికి నాకే తెలీదు. నా నోరు నాకంటే ముందు నడుస్తుంది.

ఆయన డ్యూటీ మనిషి. వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, "మూడో వానాకాలం వెళ్ళి దసరా దాటాక నీళ్ళు పరీక్ష చేయిద్దాం. బాగుంటే ఉంటాం. లేకపోతే లారీ," అన్నారు. చార్జి అప్పగించినట్టు నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు.

వారం రోజులు పుస్తకాలు, ఇంటర్‌నెట్టు, పాత స్నేహితులు, ఎవర్నీ వదల్లేదు. చివరికి దుర్గ్‌లో మొక్కల శాస్త్రం పాఠం చెప్పే ఒక దీదీ దొరికింది. జాగా చూసి, నుయ్యి చూసి, ఒకటే మాట చెప్పింది. లోతుకి వేళ్ళు పోయే చెట్లు వెయ్యండి. చెట్టు కింది నీళ్ళని పైకి లాగుతుంది. వేళ్ళ చుట్టూ బతికే కంటికి కనిపించని జీవాలు ఆ నూనెని తిని అరిగించుకుంటాయి. నిదానంగా అవుతుంది, కానీ అవుతుంది. "ఏ చెట్టు?" అంటే, "యూకలిప్టస్," అంది. అంటే మన జామాయిల్. భూమిలో నీళ్ళన్నీ తాగేస్తుందని ఊరూవాడా తిట్టే చెట్టు. మాకు కావలసింది ఆ దుర్గుణమే.

ఈ సంగతి విని మా ఆయన పసిపిల్లాడైపోయాడు. జన్మంతా పంపులతో కాపురం చేసిన మనిషి. "మోటారు లేదు, కరెంటు లేదు, గ్రీజు అక్కర్లేదు, యూనియన్ లేదు. ఇదేం పంపే!" అని ఇల్లంతా తిరిగాడు. మొదటి వానలు పడగానే పదిహేడు మొక్కలు పాతాం. వాటి మధ్య వట్టివేళ్ళ గడ్డి నాటాం. లైనులో అందరూ వచ్చారు. మూడో ఇంటి కంట్రాక్టరు వాళ్ళమ్మ, మేం పిన్ని అంటాం, శ్రీకాకుళం మనిషి, ఎనభై ఏళ్ళు, ప్రతి మొక్కకీ పసుపు రాసింది. నాలుగో ఇంటి గురూజీ, రిటైరైన ఛత్తీస్‌గఢీ బడిపంతులు, కొబ్బరికాయ కొట్టాడు. ఐదో ఇంట్లోని కుర్ర దంపతులు ఫోన్లో తీసుకున్న ఫొటోల్లో మొక్కలు తప్ప అన్నీ పడ్డాయి.

దీదీ వెళుతూ వెళుతూ అసలు షరతు చెప్పింది. మొదటి ఏడు మాత్రమే నీళ్ళు పోయాలి. ఆ తర్వాత చుక్క పోయకూడదు. దాహం వేస్తేనే వేళ్ళు కిందికి దిగి, మనకి కావలసిన ఆ మురికి నీళ్ళ దాకా వెళతాయి. పైన నీళ్ళు దొరికితే ఎందుకు దిగుతాయి? తేరగా కంచంలోకి వస్తే ఎవరు పొలం వెళతారు?

నాకు ఇలాంటి నియమాలంటే ప్రాణం. ఏడాది నిండిన రోజున ఒక రేకు బోర్డు రాయించి పాతించాను. తెలుగులోనూ హిందీలోనూ: ఈ చెట్లకు నీళ్ళు పోయరాదు. దారిన పోయేవాళ్ళు ఆగి చదివేవాళ్ళు. దేశమంతా చెట్లకు నీళ్ళు పోయండి అని బోర్డులుంటే, మా దగ్గర పోయొద్దని ఉంది. ఒక ఆటో అతను చదివి, "కైసే కసాయీ లోగ్ హై!" అని మమ్మల్ని కసాయివాళ్ళని చేసి వెళ్ళిపోయాడు. అతని వెనకాల పరిగెత్తి భూగర్భ జలాల గురించి చెప్పబోయాను. ఆటో దొరకలేదు.

అందరికంటే కష్టపడింది వదిన. ఆవిడ ఎండలో నిలబడ్డ కొరియరువాడికి నీళ్ళిస్తుంది, కాకికిస్తుంది, ఎవరిదో తెలియని కుక్కకిస్తుంది. అలాంటి మనిషి కళ్ళముందు ఏప్రిల్ ఎండకి ఆకులు వేలాడేస్తున్నాయి. చెంబు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేది. నేను వంటింటి కిటికీలోంచి, "వదినా!" అని కేక వేసేదాన్ని. "చూస్తన్నానంతే, చూడ్డానికీ కుదరదేటి?" అని, ఆ చెంబెడు నీళ్ళూ తీసుకెళ్ళి తన కనకాంబరాల కుండీలో పోసుకునేది. ఆ కుండీ కనకాంబరాలు నీళ్ళెక్కువై కుళ్ళిపోయాయి.

ఇంత కటకటలోనూ ఒక చెట్టు మాత్రం పచ్చగా, దుక్కలా ఎదిగింది. సరిగ్గా జాగా మధ్యలో ఉన్నది, అందరి గుమ్మాల్లోంచీ కనిపించేది. మిగిలినవి ఈనుపుల్లల్లా ఉంటే ఇది పొట్ట పెంచింది. పిన్ని దానికి అల్లుడు అని పేరు పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా అల్లుడి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. "చూశారా, దీని వేళ్ళు నీళ్ళ దాకా దిగిపోయాయి. లేకపోతే చుక్క నీరు లేకుండా ఇంత ఆరోగ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఉపన్యాసం ఇచ్చేదాన్ని. అన్నయ్యగారికి నెలకోసారి చూపించేదాన్ని. ఆయన చెట్టు మీద తట్టి, "మనిషి బాగానే ఉన్నాడు," అనేవారు. ఆ మాటకి వదిన మొహం వెలిగేది.

మే నెలాఖర్లో, మూడో వానాకాలం ఇంకో మూడు వారాల్లో మొదలవుతుందనగా, ఒక సాయంత్రం నాలుగింటికి దుమ్ముగాలి లేచింది. పది నిమిషాలు ఉంటే ఎక్కువ. తలుపులు తీసి బయటికొచ్చేసరికి ఈనుపుల్లలు పదహారూ నిటారుగా నిలబడి ఉన్నాయి. అల్లుడు పడిపోయాడు. పడటం కూడా తిన్నగా నా బోర్డు మీద పడ్డాడు.

ఐదిళ్ళ వాళ్ళం చుట్టూ మూగాం. వేళ్ళతో సహా లేచిపోయింది. కిందికి దిగిన వేరు ఒక్కటీ లేదు. అన్నీ పెనం మీద అట్టులా పక్కలకి పరుచుకుని ఉన్నాయి. జానెడు లోతు దాటలేదు. ఏడాదిగా భూగర్భ జలాలు తాగుతున్నాడని నేను ఊరందరికీ చూపించినవాడు, అసలు మెట్టు కూడా దిగలేదు.

కోపం వస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. వేళ్ళు అన్ని వైపులకీ సమానంగా లేవు. కొన్ని సన్నగా, కొన్ని బొటనవేలంత లావుగా ఉన్నాయి. లావు వేళ్ళు ఎటు వెళుతున్నాయో వంగి చూశాను. ఒకటి తిన్నగా పిన్ని గుమ్మం వైపు. 

"పిన్నీ, ఏటిది?"

"నాకేటి తెలుసమ్మా," అంది పిన్ని. మళ్ళీ తనే, "బియ్యం కడిగిన నీళ్ళు పోసినాను. అవి నీళ్ళేటి? కుడితి గదా," అంది.

రెండో వేరు గురూజీ గుమ్మం వైపు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూశాడు. రోజూ పొద్దున్న లోటాతో సూర్యుడికి అర్ఘ్యం వదులుతాడు. "మై తో సూరజ్ కో దేతా హూఁ, బహన్‌జీ," అన్నాడు. నేను ఇచ్చింది సూర్యుడికి, చెట్టుకి కాదు అని. చెట్టు మధ్యలో అడ్డం వచ్చి తాగితే ఆయన చేసేదేముంది? మూడో వేరు ఐదో ఇంటి వైపు. ఆ కుర్రాడు అడగకుండానే ఒప్పేసుకున్నాడు. "ఆంటీ, స్కూటీ కడిగానంతే. సబ్బు నీళ్ళు, ప్యూర్ వాటర్ నహీ." 

ఎవరికి వాళ్ళే, ఒక్క చెట్టే కదా అనుకున్నారు. అందరికీ నచ్చిన ఒక్క చెట్టూ ఒకటే అయింది. ఎవరికి వాళ్ళే, నేను పోసేది నీళ్ళ కింద లెక్క కాదనుకున్నారు. అల్లుడికి మర్యాదలు నాలుగు వైపుల నుంచీ జరిగాయి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టాను. బోర్డు చదవడం రాదా అన్నాను. చదువుకున్నవాళ్ళేనా అన్నాను. వదిన ఇల్లు ఖాళీ చేయించడానికి కంకణం కట్టుకున్నారా అన్నాను. గురూజీ తల వంచుకున్నాడు. పిన్ని మాత్రం ఏమీ వంచుకోలేదు. చేతికర్రతో వేళ్ళ మధ్య కెలుకుతూ, "ఇదెవులది? అన్నింటికన్నా లావైంది, ఇదెవులింటికి పోతంది?" అంది.

అది నా గుమ్మం వైపు వెళుతోంది.

నేను ఆ వేరు వెంట నడిచాను. నా వెనక అందరూ నడిచారు. వేరు చివర వట్టివేళ్ళ గడ్డి కింద ఒక తెల్ల పైపు. ఆ పైపు మట్టి కింద నుంచి, మా గోడ కింద నుంచి, మా వంటింట్లో టాంకరు నీళ్ళు వడగట్టే ఆర్వో మిషను దాకా ఉంది. క్లాంపులు కొట్టి, మలుపు దగ్గర ఎల్బో వేసి, ఎంత నీటుగా బిగించి ఉందో చూడగానే అది ఎవరి చేతి పనో నాకు తెలిసిపోయింది. 

మా ఆయన పడిపోయిన చెట్టు అవతల నిలబడ్డాడు. "అది ఆర్వో వదిలేసిన నీళ్ళే. వేస్ట్ వాటర్," అన్నాడు. "రోజుకి అన్నేసి బిందెలు కాలవలోకి పోతుంటే నేను చూళ్ళేను. నువ్వు నిద్దట్లో ఒక కుళాయి కారుతుంటే లేచి కట్టవూ?" నేను జవాబు చెప్పేలోపు పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. నోట్లో పళ్ళు లేని నవ్వు. తర్వాత కుర్ర దంపతులు. గురూజీ భుజాలు ఎగురుతున్నాయి. నాకు ఏడుపు రావాలి. కానీ ఏడాదిగా నేను కిటికీలోంచి వదిన మీద కేకలు వేస్తున్నప్పుడల్లా నా కాళ్ళ కింద నుంచే నీళ్ళు బుడబుడా చెట్టుకి వెళ్ళాయని తలుచుకునేసరికి నాకూ నవ్వు ఆగలేదు. ఆ చెట్టు మొద్దు మీదే కూలబడిపోయి నవ్వాను.

నవ్వుతూనే చూశాను. వదిన గుమ్మం వైపు ఒక్క వేరూ లేదు. అటు పక్కంతా బోసిగా ఉంది. అక్కడి మట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంది. 

"నువ్వొక్క చెంబైనా పొయ్యలేదా?" అన్నాను.

"నువ్వు వద్దన్నావు గదా," అంది వదిన. 

నా నవ్వు అక్కడితో ఆగింది. జన్మలో ఎవరి ముందూ అంత సిగ్గుపడలేదు. ఆ కుళ్ళిపోయిన కనకాంబరాల కుండీ నా కళ్ళముందు కనపడింది.

అప్పుడు అన్నయ్యగారు మెల్లిగా, "మరి మిగతా చెట్లు కూడా ఇలాగేనేటమ్మా?" అని అడిగారు. మిగిలింది ఒక్క వానాకాలం. ఈ పదహారూ కూడా పైపైనే ఉంటే రెండేళ్ళూ గంగలో పోసినట్టే, వదిన దుర్గ్ వెళ్ళిపోయినట్టే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు కూలీలని పిలిపించాం. పదహారింటిలో అన్నింటికంటే బక్కదాన్ని, వదిన గుమ్మానికి దగ్గరున్నదాన్ని ఎంచాను. ఎవరూ దాని మొహం చూడలేదు కనుక ఎవరూ దానికేమీ పోసి ఉండరు. దాని పక్కన గొయ్యి తవ్వించాం. మా నేల మురుము నేల, గునపం ఖంగుమంటుంది. మోకాలి లోతుకి వేళ్ళు సన్నబడ్డాయి. నడుం లోతుకి వచ్చేసరికి కూలీ, "దేఖో అమ్మా," అన్నాడు. కడ్డీలాంటి వేరు ఒకటి తిన్నగా కిందికి దిగుతోంది. ఛాతీ లోతుకి ఇంకా ఉంది. నిలువెత్తు గొయ్యి అయ్యాక కూడా అది ఇంకా కిందికే పోతోంది. దాని పక్క నుంచి చీలిన ఒక పిల్లవేరు ముక్క, దాని చుట్టూ ఉన్న తడిమట్టితో సహా, కూలీ పైకి అందించాడు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పున కిరసనాయిలు వాసన.

"కంపు!" అని అరిచాను. "వదినా, కంపు!"

వదిన గోతి అంచు చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చి ఆ వేరు లాక్కుని వాసన చూసింది. "అబ్బ, ఎంత కంపో!" అని కళ్ళ నిండా నీళ్ళతో నవ్వింది. ఆవిడ అన్నయ్యగారికిచ్చింది. ఆయన గురూజీకిచ్చారు. గురూజీ కళ్ళు మూసుకుని పీల్చి, తీర్థం తీసుకున్నవాడిలా తల ఊపాడు. పిన్ని పట్టుకుని వదల్లేదు. ఇద్దరు కూలీలూ గోతిలోంచి మా వైపు చూస్తూ ఉండిపోయారు. వాళ్ళకి భోజనం పెట్టేటప్పుడు సంగతంతా చెప్పాను. విన్నారు కానీ నమ్మినట్టు లేరు.

గొయ్యి పూడ్చేశాం. మా ఆయన తన పైపు తనే ఊడదీసి, మందారం వైపు తిప్పుకున్నాడు. పిన్ని కుడితి వాళ్ళ మునగచెట్టుకి మారింది. గురూజీ డాబా ఎక్కి సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడం మొదలుపెట్టాడు. అక్కడైతే ఆయనకి ఇంకా దగ్గరట. అల్లుడి మొద్దుని మటుకు అలాగే ఉంచాం. సాయంత్రాలు దాని మీద కూర్చుంటాం.

మూడో వానాకాలం వచ్చింది, వెళ్ళింది. వర్షాల్లో నూతిలోకి కొత్త నీరు దిగింది. చేద లాగితే తెట్టు కనిపించడం మానేసింది. వాసన ఉందో లేదో చెప్పడం కష్టంగా ఉండేది. వదిన లేదనేది. నేను ఉందనేదాన్ని. మా ఆయన మాకిద్దరికీ భయపడి జలుబు చేసిందనేవాడు.

దసరా దాటింది. అన్నయ్యగారు మాట తప్పే మనిషి కాదు. గురువారానికి రిపోర్టు, శుక్రవారానికి లారీ అని ముందే మాట్లాడి పెట్టారు. బాగుంటే లారీ వద్దందాం అన్నారు. వదిన సామాను కట్టడం మొదలుపెట్టింది. గోడ దగ్గరికి రావడం తగ్గించింది. వచ్చినా కూరల మాటలే. నీళ్ళ పరీక్ష నేను చెయ్యలేదు. ఆవిడ విషయంలో నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. సీసా నింపి, సీలు వేసి, రాయపూర్‌లో ఒక ల్యాబుకి పంపించాను.

గురువారం పొద్దున పదింటికి రిపోర్టు నా ఫోనుకే వచ్చింది. స్టవ్వు కట్టేసి చదివాను. నూనె కిందటేడాది పరీక్షలో ఉన్నదానిలో సగానికంటే తక్కువకి దిగింది. నిజానికి అది పండగ చేసుకోవలసిన సంగతి. కానీ తాగడానికి ఉండవలసిన హద్దులోకి ఇంకా రాలేదు. కింద ఒక గీత గీసి రాశారు, తాగుటకు పనికిరాదు.

ఆ సగం తగ్గడంలో చెట్లదెంత, పై మట్టి ఎత్తించినదానిదెంత, వాన నీళ్ళదెంత, నన్నడిగితే సంతకం పెట్టి చెప్పలేను. కానీ అన్నయ్యగారి ప్రశ్న అది కాదు. బాగుందా, లేదా? ఆయనకి ఆ అంకెలు తెలీవు. వదిన అసలు కాగితమే చూడదు, నా మొహం చూస్తుంది. నేను బాగుంది అని ఒక్క మాట అంటే లారీ రాదు. ముప్పై ఏళ్ళు ఒక్క అంకె మార్చకుండా రిపోర్టులు రాసినదాన్ని, ఆ పూట మార్చాలనుకున్నాను. తాగే నీళ్ళు ఎలాగూ క్యాన్లలోనే వస్తున్నాయి కదా, ఇంకో ఏడాదికి అంతా సర్దుకుంటుంది కదా అని నాకు నేనే వాదించుకున్నాను. నేను చెప్పేది అబద్ధం కింద లెక్క కాదు అన్నంత దాకా వచ్చాను. అప్పుడు పిన్ని కుడితి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. చెప్పులేసుకుని బయల్దేరాను.

వదిన ముందుగదిలో, కట్టేసిన పరుపు చుట్ట మీద కూర్చుని ఉంది. చుట్టూ మూటలు, అట్టపెట్టెలు. అన్నయ్యగారు ఆఖరి పెట్టెకి తాడు బిగిస్తున్నారు. నా వెనకే మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "తాగడానికి పనికిరావు. సగానికి పైగా తగ్గింది గానీ పనికిరావు. ఇంకో రెండు మూడు వానాకాలాలైనా పడుతుంది. అంతకంటే నాకు తెలీదు." చెప్పేసి ఆవిడ మొహం చూడలేక తాళ్ళ వైపు చూశాను.

వదిన గట్టిగా ఊపిరి వదిలింది.

"నువ్వెక్కడ బాగున్నాయి అనేస్తావో అని పొద్దున్న నుంచి నాకు ఒకటే దడ," అంది. "నీ మాట నమ్మాలి. నమ్మితే ఆ నీళ్ళు తాగాలి. తాగితే వాసన తెలుస్తది. అప్పుడు నీ మొహం ఎలా చూస్తాను? అలాగైతే నిజంగానే లారీ ఎక్కేద్దును."

నేను వెళ్ళి ఆ పరుపు చుట్ట మీద ఆవిడ పక్కన కూలబడ్డాను.

అన్నయ్యగారు తాడు వదిలేసి నడుం నిటారు చేశారు. "సగం తగ్గిందన్నావా? సగమే?"

"సగం కంటే ఎక్కువే తగ్గింది అన్నయ్యగారూ."

"అయితే బండి కదిలిందన్నమాట," అన్నారాయన. "కదిలిన బండిలోంచి దిగకూడదు. నా సర్వీసులో ఎవర్నీ దిగనివ్వలేదు." ఫోను తీసి, లారీ అతనికి రావద్దని చెప్పడానికి పెరట్లోకి వెళ్ళారు. సిగ్నలు అక్కడే బాగా వస్తుంది.

వదిన నన్ను పట్టుకుంది. నేను వదిన్ని పట్టుకున్నాను. ఏడ్చామో నవ్వామో నాకు సరిగ్గా గుర్తులేదు, పరుపు చుట్ట మీంచి ఇద్దరం జారి కింద పడటం మాత్రం గుర్తుంది. ఆ తర్వాత మూటలు విప్పడానికి కూర్చున్నాం. అన్నయ్యగారు వేసిన ముళ్ళు వ్యాగన్లకి వేసే ముళ్ళు, ఒక్కటీ ఊడదు. కత్తెర ఏదంటే సామానులో కట్టేశానంది. ఏ మూటలో అంటే గుర్తులేదంది. కత్తిపీట? అదీ కట్టేసింది. నలుగురం గోళ్ళతోనూ పళ్ళతోనూ పడి, సాయంత్రానికి ఒక్క మూట విప్పాం. అందులో దుప్పట్లు తప్ప ఏమీ లేవు.

మా ఆయన ఇంటి నుంచి కటింగ్ ప్లేయరు తేవడానికి లేచాడు. వదిన వద్దంది.

"ఎలాగూ ఉంటాం గదా," అంది, "మిగతావి రేపు విప్పుకుందాం."